నీడపట్టున ఆరిన ఆకు

"ఆ గంపల మీద ఎవలు చెయ్యి వెయ్యొద్దు. జీతగాడు ఎల్లస్వామి చేన్ల నుంచి రానీ, పెంటకుప్పల పోపిస్త."

అత్త నర్సింగమ్మ మాట వాకిట్లోంచి వినపడగానే కొట్టంలో కూర్చున్న మంజులత చేతిలోని లెక్కల పుస్తకాన్ని మూసి గోనెసంచి కిందికి తోసింది. నర్సింగమ్మకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఇప్పుడు ఎంత తగ్గిందంటే, తర్వాతి మాట కోసం మంజులత తడకకు చెవి ఆనించవలసి వచ్చింది.

"ఏమైందత్తా?" అంటోంది తోడికోడలు హనుమమ్మ. "జానయ్య మధ్యాన్నం మోటరు బస్సుకు వస్తనన్నడు. కుండలకెత్తి పెడ్దామని నేను..."

"ఎత్తు. ఎత్తి పెండ్లోళ్లకు గదే పెట్టు."

"ఏమైందో చెప్పరాదు?"

"బాయి కాడ పక్కింటి బక్కమ్మ కనవడ్డది. 'మీ చిన్నకోడలు మస్తు హుషారున్నదక్కా, నిన్న వానకు మిద్దెనెక్కి కూరంత దించింది' అన్నది. 'బయట కూసున్నదానివి ముట్టకు పిల్లా అని మా మిద్దె మీదికెల్లి ఒర్లిన, ఇనలే' అన్నది. నలుగురు ఆడోళ్ల ముంగట అన్నది."

 వాకిట్లో ఒక కోడి కాలితో మట్టి గీరుతోంది.

"నిన్న నువ్వు నాకేం చెప్పినవ్? వాన మొదలుకాంగనె ఉరికొచ్చి నేనే దించిన అన్నవా, లేదా?"

"అన్న."

"పన్నెండేండ్ల సంది సూస్తున్న నిన్ను. నీ నోట్లెకెల్లి అబద్దం వస్తదని కలల కూడ అనుకోలే."

 హనుమమ్మ ఇప్పుడు ఎలా నిలబడి ఉంటుందో మంజులతకు చూడకుండానే తెలుసు. తల వంచుకుని, కొంగు చివర చేత్తో మెలిపెడుతూ, దెబ్బ తనకే తగలాలన్నట్టు నిలబడి ఉంటుంది.

ఆ రెండు గంపల్లోనూ ఉన్నది హనుమమ్మ చలికాలమంతా పడ్డ పాటు. దసరా పోయిన వారానికే పెరట్లో మెంతులు చల్లింది. మెడ నొప్పి పుట్టేలా కుండలతో నీళ్లు మోసింది. పూత రాకముందే కోసి, కడిగి, మిద్దె మీద తాటాకు పందిరి కింద పాత దోతుల మీద పలచగా పరిచింది. ఎండ తగిలితే ఆకు గడ్డయిపోతుంది, వాసన పోతుంది. నీడకే ఆరాలి, గాలికే ఆరాలి. రోజుకు మూడుసార్లు పైకెక్కి, అరచేయి ఆనకుండా వేళ్ల కొసలతో తిరగేసేది. మడంతా కోసి ఆరబెడితే మిగిలేది దోసెడు. అట్లాంటి దోసెళ్లతో రెండు గంపలు నిండాయి, ఒకటి మెంతికూర, ఒకటి పుదీనా. బావులు అడుగంటే ఎండాకాలంలో రామన్నపేట చుట్టుపక్కల పచ్చటి ఆకు కంటికి కూడా దొరకదు. అప్పుడే పెళ్లిళ్లు. అందుకే వంటమేస్త్రీ జానయ్య వాటిని అడిగాడు.

పోయిన వారం హనుమమ్మ అన్న పెద్దులు బండి కట్టుకుని వచ్చి, మొగుడు పోయిన చెల్లెలిని తనతో తోలుకుపోతానన్నాడు. అతని భార్య మంచం పట్టి ఉంది, ఆరుగురు పిల్లలు, నాలుగు బర్రెలు. ఎందుకు తోలుకుపోతానంటున్నాడో చెప్పకుండానే అందరికీ అర్థమైంది. నర్సింగమ్మే అతన్ని ఆపింది. "ఉగాదిదాంక ఆగు. జానయ్య ఈ గంపలు కొండవోయి, మళ్ల కావాలని అడిగిండా, పెరడు, బాయి నీ చెల్లెవే. ఉత్తగ కూసొని తింటున్నదని నువ్వు అననక్కరలేదు, నేను ఇననక్కరలేదు. అడగలేదా, తోలుకపో."

అంటే, ఆ గంపలు పెంటకుప్పకు పోతే హనుమమ్మ అన్న ఇంటి బర్రెల దగ్గరికి పోతుంది.

*

కొంతసేపటికి తడక పక్కకు జరిగింది. హనుమమ్మ పళ్లెంలో అన్నం, పచ్చిపులుసు తెచ్చి దూరంగా నేల మీద పెట్టింది. పెట్టి వెళ్లిపోకుండా అక్కడే గొంతుక్కూర్చుంది.

"ఏడుస్తున్నవా?"

"లేదక్కా."

"ఏడ్వకు. కండ్ల నీళ్లు నిండితె లెక్కలు కనవడయ్."

మంజులత తలెత్తింది. "నీకు... తెలుసా?"

"మొన్ననే తెలిసింది. ఒక్క బట్ట ఉతికింది లేదు, ఆరేసింది లేదు. బయట కూసున్న మనిషి ఒక్క రాత్రికే రెండు కందిళ్ల గ్యాసునూనె కాల్చింది. నేనేమన్న చిన్నపిల్లనా?" హనుమమ్మ గొంతులో కోపం లేదు. "ఇంట్ల ఉంటె పొద్దందాక పనే తెమలదు. బయటుంటె మూడు దినాలు ఎవ్వలు పిలువరు. మంచి ఉపాయమే అనుకున్న. అందుకే నిన్న నేనే దించిన అన్న. నువ్వు బయట లేవు గద, కూరకేం కాలేదు గద అని."

"నేను చెప్పేస్తనక్కా అత్తమ్మకు."

"వద్దు."

"ఎందుకు?"

"పరీక్ష ఇంక ఇరవై దినాలున్నది. చెప్పినవంటె పుస్తకాలు పొయ్యిల పోతయ్. మెంతికూరదేమున్నది, చలికాలం వస్తె మళ్ల మొలుస్తది."

"మొలిచే యాల్లకు నువ్వెక్కడుంటవ్?"

హనుమమ్మ పళ్లెం అంచును పట్టుకుని ఒక వేలెడు ఇవతలికి జరిపింది. అది అక్కడున్నా ఇక్కడున్నా ఒకటే. 

"ఇంకొకటున్నదక్కా," అంది మంజులత. చెప్పాలా వద్దా అని పొద్దుటి నుంచీ లోపల్లోపల నలుగుతున్న మాట అది. "తెల్లారంగ... నిజంగనే అయింది. నేను నాలుగు దినాలు ముందుగ లెక్కేసుకొని కూసున్న. అది కూడ ముందే వచ్చింది."

హనుమమ్మ మొదట ఆమె మొహంలోకి చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. నవ్వుతోంది.

"దేవుడు కూడ నీ అసుంటోడే పిల్లా. ఉత్తగ కూసున్నవని సూసి, ఉత్తగెందుకు కూసోవాలె అనుకున్నడు."

మంజులతకూ నవ్వొచ్చింది. ఇద్దరూ చప్పుడు బయటికి పోకుండా నవ్వుకున్నారు. నవ్వు మధ్యలోనే తెగిపోయింది. అవతల వాకిట్లో చాటలో బియ్యం ఎగురుతున్న చప్పుడు ఆగింది, మళ్లీ మొదలైంది.

"అన్నం తిను," అని హనుమమ్మ లేచి వెళ్లింది.

మంజులత తినలేదు.

*

నర్సింగమ్మ లోపలి అరుగు మీద కూర్చుని చాటలోని బియ్యంలో మెరిగలు ఏరుతోంది. గంపలు రెండూ ఆమె ఎడమ పక్కన, పాత చీరె కప్పుకుని ఉన్నాయి. హనుమమ్మ పొయ్యి దగ్గర ఉంది.

మంజులత కొట్టం దాటి వచ్చి వాకిలి నడుమ నిలబడింది.

"అత్తమ్మా, నీకొక మాట చెప్పాలె."

"ఆడికెల్లే చెప్పు."

"నిన్న వానొచ్చినప్పుడు నేను బయట లేను."

నర్సింగమ్మ వేళ్లు ఆగలేదు. ఒక రాయి దొరికితే తీసి వాకిట్లోకి విసిరింది.

"మొన్న లేను, నిన్న లేను. చదువుకోవాలని ఉత్తగనే కొట్టంల కూసున్న. నీతోని అబద్దం చెప్పిన. తప్పు నాదే. కూరల ఏం తప్పు లేదు. దాన్ని పారబొయ్యకు."

"ఏం చదువు?"

"మెట్రిక్ పరీక్షున్నది. నల్లగొండల."

"రఘుపతికి ఎరికేనా?"

 మంజులత భర్త రఘుపతి జమాబందీ శిస్తు లెక్కల పని మీద ఊళ్లు తిరుగుతున్నాడు. లేని మనిషి మీదికి మాట తోయడం ఆమెకు ఇష్టం లేదు. కానీ ఇంకొక అబద్ధం పుట్టించే ఓపిక కూడా లేదు.

"ఎరికే. ఫారం ఆయనే నింపిండు."

"మంచిది." చాట కింద పెట్టింది నర్సింగమ్మ. "నేను ఆ కొట్టంల ఇరవై ఏండ్లు కూసున్న. ఏం చేసెదాన్నో ఎరికేనా? పండుకొని నిద్రపోయెదాన్ని. నెలకు మూడు దినాలే మా అత్త పిలువకపోయేది. ఎప్పుడొస్తయా అని ఎదురుసూసేదాన్ని. కాని రాని దినాలను వచ్చినయని చెప్పి కూసోలే."

మంజులత తల వంచుకుంది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

"ఇగ ఇను. మీ పెద్దబావ పెండ్లి నాడు పప్పు గంగాళంల గంటె తిప్పిన ఆడమనిషి బయటున్న మనిషని పెండ్లయిపోయినంక తెలిసింది. నాలుగేండ్లకు నా పిలగాడు పోయిండు." నర్సింగమ్మ పొయ్యి వైపు తిరగకుండానే అడిగింది. "హనుమమ్మా, ఇన్నేండ్లల్ల ఈ మాట ఎన్నడన్న అన్ననా?"

"అనలే," అంది హనుమమ్మ. ఆమె ఎప్పుడు పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చిందో మంజులత గమనించలేదు. ఊదుగొట్టం చేతిలోనే ఉంది.

"నీకు నొస్తదని అనలే. ఇయ్యాల అంటున్న. ఎవలింట్లనో ఆడివిల్ల పసుపుతోని పీట మీద కూసుంటది. నా ఇంట్ల నుంచి పోయినదాంతోని ఆ పిల్లకు ఏమన్న అయితె, నేను ఏ మొఖంతోని బతకాలె?"

హనుమమ్మ ఊదుగొట్టాన్ని గోడకు ఆనించింది. అది జారి పడితే మళ్లీ తీసి నిలబెట్టింది.

"ఆయిన జరమొచ్చి పోయిండత్తా. పదకొండు దినాలు దవాఖానల పక్కన్నే కూసున్న నేను. తడిబట్టలు మార్చింది నేను. నీళ్లు తాపింది నేను. గంటె తిప్పినామెకు ఆయినెవలో కూడ ఎరికలేదు."

 ఒకే మనిషి కోసం ఏడ్చిన ఇద్దరాడవాళ్లు ఎనిమిదేళ్లలో మొదటిసారి ఆ మనిషి చావు గురించి మాట్లాడుకున్నారు. మధ్యలో నిలబడ్డ మంజులతకు కాళ్ల కింద నేల తనది కాదనిపించింది.

నర్సింగమ్మ మెల్లగా లేచింది.

"సరే. నువ్వు నిన్న బయట లేవు. గంతేనా?"

"గంతే."

"అయితె నాలుగు చెంబులు నెత్తిన పోసుకొని దేవుని అర్రలకు రా. దీపం ముట్టియ్యి. ముట్టిచ్చి, నాకు చెప్పిన మాటనే ఆడ చెప్పు. నమ్ముత. బక్కమ్మ నోరు నేను మూపిస్త. గంపలు నా చేతులతోని ఎత్తి జానయ్యకిస్త. నీ పుస్తకాల ముచ్చట తరువాత సూద్దాం."

మంజులత కదల్లేదు.

నిన్న అడిగి ఉంటే పరుగెత్తుకుంటూ పోయేది. మొన్న అడిగినా పోయేది. ఈ ఒక్కరోజే, ఈ ఒక్కపూటే పోకూడనిది. అయినా పోతే ఎవరికి తెలుస్తుంది? నాలుగు చెంబుల నీళ్లు, ఒక అగ్గిపుల్ల. హనుమమ్మ ఇక్కడే ఉంటుంది. పెరడు ఆమెదవుతుంది, బావి ఆమెదవుతుంది. బయట కూర్చోవడం గురించి చదువుకున్న తనకు పెద్ద పట్టింపు ఉందా? ఉంటే దాన్ని సాకుగా వాడుకునేదే కాదు.

ఆమె హనుమమ్మ వైపు చూసింది. హనుమమ్మ కళ్లు తిప్పుకోలేదు. గడ్డం కొద్దిగా కిందికి దించింది. పో, అంటోంది. దేవుడి సామాను తోమడానికి కూడా వేరే చీరె కట్టుకునే హనుమమ్మ, పో అంటోంది.

వీధి దర్వాజ అవతల దగ్గు వినిపించింది.

"పెద్దమ్మా! ఇంట్లున్నవా? జానయ్యను. మోటరు ఇయ్యాల జర ముందే దించింది."

"బయటి అరుగు మీద కూసో జానయ్యా. వస్తున్న," అంది నర్సింగమ్మ, చూపు మంజులత మీది నుంచి తీయకుండా. "ఏమే, నీళ్లు పోసుకుంటవా?"

మంజులత నీళ్ల గోలెం దాకా నడిచింది. చెంబు చేతికి తీసుకోబోయి ఆగిపోయింది. దేవుడికి భయపడ్డదా అంటే, ఆమెకే తెలియదు. కానీ ఎదురుగా నిలబడ్డ ఈ ముసలామె, నమ్ముతానని ముందే చెప్పిన మనిషి. అట్లాంటి మనిషి చేతికి ఖోటా రూపాయి ఎలా పెట్టడం?

"రాను అత్తమ్మా."

"ఎందుకు?"

"నిన్న లేను. ఇయ్యాల పొద్దుగాల్నుంచి ఉన్న."

హనుమమ్మ కళ్లు మూసుకుంది.

నర్సింగమ్మ చిన్నగా నవ్వింది. ఆ నవ్వులో తడి లేదు. "ఉన్ననాడు లేదంటివి. ముట్టియ్యమంటె ఉన్నదంటున్నవ్. మంచిగున్నది. కోర్టుల వకీలు కూడ గిట్ల తిప్పడు."

"నమ్ముడు నమ్మకపోవుడు నీ ఇష్టం. చెప్పకుంట దీపం ముట్టిస్తె నీకు తెలిసేది కాదు."

"అవును," అంది నర్సింగమ్మ. తర్వాత ఆ మాటనే మళ్లీ, ఈసారి తనలో తాను అనుకుంటున్నట్టు అంది. "తెలిసేది కాదు."

అప్పుడు హనుమమ్మ గంప దగ్గరికి వచ్చింది. పాత చీరె తొలగించింది. మెంతికూర వాసన వాకిలంతా పరుచుకుంది. ఒక చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపింది. బాగా ఆరిన ఆకు కరకరలాడింది. అత్త చూస్తుండగా దాన్ని నోట్లో వేసుకుంది.

ఆ వీధిలో ఎవరింట్లో మడితో వండాలన్నా హనుమమ్మనే పిలుస్తారు. కూరకు మైల అంటలేదనడానికి నర్సింగమ్మకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

కానీ ఆమె మొహం మెత్తబడలేదు.

"అంటె నీకు ముందే ఎరికె."

హనుమమ్మ తల ఊపింది.

"నిన్నటికా, మొన్నటికా?"

"మొన్ననే."

"చిన్నోనికి ఎరికె. నీకు ఎరికె." నర్సింగమ్మ ఒకరి మొహం నుంచి ఇంకొకరి మొహానికి చూసింది. "మీరంత ఇంట్లనే ఉన్నరు. నన్నొక్కదాన్ని బయట కూసోవెట్టిన్రు."

  

నర్సింగమ్మ వంగి మెంతికూర గంపను రెండు చేతులతో ఎత్తింది. హనుమమ్మ సాయం పోబోతే మోచేత్తో వారించింది. ఎత్తిన గంపతోనే దర్వాజ దాటింది.

దర్వాజ దాటితే కుడిపక్క అరుగు, జానయ్య కూర్చున్నది అక్కడే. ఎడమపక్క గోడ వెంబడి నాలుగడుగులు వేస్తే పెంటకుప్ప. లోపలి నుంచి రెండూ కనపడవు. అడుగుల చప్పుడే వినాలి. ఒక అడుగు, ఇంకొక అడుగు. ఆగింది.

"ఏం వాసనున్నదే పెద్దమ్మా!" జానయ్య గొంతు సంబరంగా వచ్చింది. "ఆరు మైళ్లు పోతది గీ వాసన. నీ పెద్దకోడలి చెయ్యి బంగారం చెయ్యి. వచ్చేయేడు చైతం పెండ్లిళ్లకు ఇంకో రెండు గంపలు చెప్పిపెట్టు నాకు."

అడగవలసిన మాట అడిగేశాడు. 

గంప అరుగు మీద దిగిన చప్పుడు.

"చెయ్యి పెట్టకు జానయ్యా, ఆగు," అంది నర్సింగమ్మ. గొంతు బాగా తగ్గి ఉంది. "కూసో. గీ కూర ముచ్చటొకటున్నది. నా ఇంటి ముచ్చట, ఆడోళ్ల ముచ్చట. మొగోనితోని చెప్పేది కాదు, కాని చెప్పకుంట ఇయ్యలేను. అంత ఇన్నంక కొండవోతవో, నా ముంగట్నే పారబోస్తవో, నీ ఇష్టం."

"ఏందమ్మా గట్లంటవ్?" జానయ్య గొంతులో సంబరం పోయింది.

లోపల, వాకిట్లో, హనుమమ్మ చెయ్యి చాచి మంజులత మణికట్టు పట్టుకుంది. మంజులత ఉలిక్కిపడి చేతిని వెనక్కి లాక్కోబోయింది.

హనుమమ్మ వదల్లేదు.

"నిన్న వానొచ్చింది గద," అని బయట నర్సింగమ్మ చెప్పడం మొదలుపెట్టింది.